మేయరుకు కుర్చీ, కమిషనరుకు ఫైలు

1956 నవంబరు 1. ఈ తేదీ గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజు. మనం ఇక్కడ తోరణాలు కట్టుకున్న ఆ రోజే, అదే రాష్ట్రాల పునర్విభజన పుణ్యమా అని ఢిల్లీ ప్రజలు తమ శాసనసభను పోగొట్టుకున్నారు. 1952లో ఓట్లు వేసి తెచ్చుకున్న సభ అది. చౌధురీ బ్రహ్మప్రకాశ్‌ను ముఖ్యమంత్రిని చేసిన సభ. దేశ రాజధానిలో రెండు ప్రభుత్వాలు పొసగవని ఫజల్ అలీ కమిషన్ తేల్చింది. ఊరి పనులు చూసుకోవడానికి కార్పొరేషన్ ఉంటే చాలంది. ఢిల్లీ నగరపాలిక పుట్టుకలోనే ఈ మెలిక ఉంది. పెద్ద హక్కు తీసేసుకుని దాని బదులు ఇచ్చిన చిన్న హక్కు అది.

అది కూడా వెంటనే దక్కలేదు. అప్పటికి పాత ఢిల్లీది ఒక కమిటీ, సివిల్ లైన్స్‌ది ఇంకొకటి, షాదరాకు ఒకటి, మెహ్రౌలీకి ఒకటి. కరెంటుకు, నీళ్లకు, బస్సులకు వేర్వేరు సంస్థలు. 1955 చివర్లో యమున దారి కాస్త మారింది. నజఫ్‌గఢ్ నాలా మురుగు వజీరాబాద్ దగ్గర ఊరికి మంచినీళ్లు తోడే చోటికి ఎగదన్నింది. నీళ్లలో క్లోరిన్ దండిగానే కలిపారు. టైఫాయిడ్ లాంటివి ఆగాయి గానీ కామెర్ల వైరస్ ఆగలేదు. కొద్ది వారాల్లో సుమారు 29 వేల మందికి కళ్లు పచ్చబడ్డాయి. వైద్య విద్యార్థులు ఈనాటికీ పాఠంగా చదువుకునే ఉదంతమిది. పార్లమెంటు ఉన్న ఊరు, ప్రధానమంత్రి ఉన్న ఊరు. శాసనసభ అప్పటికి ఇంకా ఉంది. అయినా కుళాయి నీళ్ల గురించి ఓటరు నిలదీయాలంటే ఊరంతటికీ కలిపి జవాబు చెప్పే ఎన్నికైన నగరపాలిక లేదు. కార్పొరేషన్ ఆ రోజుల్లో ఎందుకంత అవసరమైందో ఈ ఒక్క సంగతి చాలు అర్థం కావడానికి.

1957లో చట్టం వచ్చింది. 1958 ఏప్రిల్ 7న ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడింది. సభ్యులు 80 మంది. అప్పట్లో కరెంటు, నీళ్లు, బస్సులు అన్నీ దాని గొడుగు కిందే. తొలి ఎన్నికల్లో కాంగ్రెస్‌కు సొంతంగా మెజారిటీ రాలేదు. జనసంఘ్ దానికి దీటుగా నిలిచింది. కమ్యూనిస్టులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అయినా ఎటు మొగ్గితే అటు సభ. ఆ లెక్కల్లోంచి ఢిల్లీకి తొలి మేయరు వచ్చారు. ఆమె అరుణా అసఫ్ అలీ.

ఆ పేరు వినగానే 1942 ఆగస్టు 9 ఉదయం, బొంబాయి గొవాలియా ట్యాంక్ మైదానం గుర్తొస్తాయి. నాయకులందరినీ తెల్లవారకముందే పట్టుకుపోయాక, జెండా ఎగరేసిన ముప్పై మూడేళ్ల స్త్రీ. తర్వాత అజ్ఞాతవాసం. ఆమె తలపై 5,000 రూపాయల బహుమతి. ఢిల్లీలో ఆమె ఆస్తిని సర్కారు జప్తు చేసి అమ్మేసింది. లొంగిపోయి ఆ బహుమతి సొమ్మును హరిజన సేవకు వాడమని గాంధీజీ రాసినా ఆమె లొంగలేదు. వారెంటు రద్దయ్యాక 1946లోనే బయటికొచ్చారు. చరిత్ర పుస్తకాలు చాలావరకు ఇక్కడే ఆమెను వదిలేస్తాయి. ఆ తెగువ ఉన్న మనిషి పదహారేళ్ల తర్వాత చెత్తబండ్లు, వీధి దీపాలు, మునిసిపల్ బడులు చూసుకునే సభలో ఎందుకు కూర్చున్నారన్నది నాకు జెండా ఎగరేసిన ఘట్టమంత ముఖ్యమైన సంగతి. మురికివాడలో ఉండే తల్లికి స్వరాజ్యం అంటే ముందు నల్లా నీళ్లు. మహిళా ఉద్యమంలో ఏళ్ల తరబడి పనిచేసిన అరుణకు అది తెలియంది కాదు.

ఆ కాలంలో మేయరు కుర్చీకి అంత విలువ ఉండేది. 1951లో హైదరాబాదు తొలి మేయరు అయింది ఆంధ్రోద్యమ పితామహుడు మాడపాటి హనుమంతరావు. అరుణ తర్వాత నాలుగేళ్లకు రాణీ కుముదినీ దేవి హైదరాబాదు తొలి మహిళా మేయరయ్యారు. టంగుటూరి ప్రకాశం ప్రజాజీవితం మొదలైందీ రాజమండ్రి మునిసిపాలిటీలోనే.

అరుణ కూర్చున్న సభ చాందినీ చౌక్ నడుమ టౌన్‌హాల్‌లో జరిగేది. పసుపు గోడలు, రాతి అంచులు, ఎదుట పావురాలకు గింజలు చల్లే జనం. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన కొత్తల్లో, 1860లలో కట్టిన భవనమది. ఢిల్లీ మునిసిపాలిటీ 1863 నాటిది. 1882లో వైస్రాయి రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం తెచ్చాక ఎన్నికలూ వచ్చాయి గానీ, ఓటు ఉన్నది ఆస్తిపరులకే. అధ్యక్షుడు మాత్రం డిప్యూటీ కమిషనరు దొర. భవనం ముందు విక్టోరియా రాణి విగ్రహం ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత దాన్ని తీసేసి స్వామి శ్రద్ధానంద విగ్రహం పెట్టారు. 1919లో రౌలట్ చట్టంపై నిరసన ఊరేగింపులో, అప్పట్లో ఆ పక్కనున్న గంటస్తంభం దగ్గరే గూర్ఖా సైనికుల బాయొనెట్లకు ఎదురుగా రొమ్ము చూపి నిలబడ్డ సన్యాసి ఆయన.

విగ్రహం మారింది గానీ దొర కుర్చీ పూర్తిగా ఖాళీ కాలేదు. 1957 చట్టం తెరిచి చూడండి. కార్పొరేషన్ కింద మునిసిపల్ అధికార సంస్థలంటూ స్టాండింగ్ కమిటీ, కమిషనరు లాంటి పేర్లు రాసి ఉంటాయి. అందులో మేయరు పేరు లేదు. కార్యనిర్వాహక అధికారమంతా కమిషనరుది. కమిషనరును నియమించేది కేంద్రం. మేయరు సభ నడుపుతారు, సంతకాలు కమిషనరు పెడతారు. పైగా మేయరు పదవీకాలం ఏడాదే. ఏప్రిల్లో ఎన్నికై పని నేర్చుకునేసరికి మళ్లీ ఏప్రిల్ వచ్చేస్తుంది. అరుణ కూర్చున్నదీ ఇలాంటి కుర్చీలోనే.

ఆ కాస్తా కూడా ఎప్పుడంటే అప్పుడు లాక్కున్నారు. 1975లో, 1980లో, 1990లో సభను రద్దు చేశారు. చివరిసారి ఏడేళ్లపాటు, 1997 దాకా, ఎన్నికలే లేవు. ఈలోగా ఢిల్లీకి శాసనసభ తిరిగొచ్చింది. 74వ రాజ్యాంగ సవరణ కూడా వచ్చి స్థానిక సంస్థలకు ఐదేళ్ల గడువు ఖాయం చేసింది. మేయరు పదవి మొదటి ఏడాది మహిళకు, మూడో ఏడాది షెడ్యూల్డు కులాల వారికి అని ఢిల్లీ చట్టాన్నీ సవరించారు. 2012లో కార్పొరేషన్‌ను మూడు ముక్కలు చేశారు. ఉద్యోగులకు జీతాలివ్వలేని స్థితికి వచ్చాక 2022లో మళ్లీ అతికించారు. 272 వార్డులు 250 అయ్యాయి.

2022 డిసెంబరు 4న ఈ వార్డులకు జరిగిన ఎన్నికల్లో 1,349 మంది పోటీ చేశారు. ఒక్కో అభ్యర్థి ఖర్చు పరిమితి 8 లక్షలు. గెలిస్తే జీతం లేదు, సమావేశానికి 300 రూపాయల భత్యం. అయినా ఒక్కో వార్డుకు సగటున ఐదుగురు పైచిలుకు నిలబడ్డారు. ఓటర్లలో మాత్రం సగం మందే బూత్‌కు వచ్చారు. ఆమ్ ఆద్మీ పార్టీకి 134, బీజేపీకి 104, కాంగ్రెస్‌కు 9 సీట్లు వచ్చాయి. లెక్క తేలిపోయిందనుకున్నాక అసలు తగాదా మొదలైంది. లెఫ్టినెంట్ గవర్నరు నామినేట్ చేసిన పదిమందికి ఓటుందా లేదా అన్న గొడవతో సభ మూడుసార్లు వాయిదా పడింది. వాళ్లకు ఓటు లేదని సుప్రీంకోర్టు చెప్పాక, 2023 ఫిబ్రవరి 22న షెల్లీ ఒబెరాయ్ 150 ఓట్లతో మేయరయ్యారు. అంటే ప్రజలు తీర్పు ఇచ్చిన రెండున్నర నెలలకు. ఆ రాత్రే స్టాండింగ్ కమిటీ ఎన్నికకు దిగితే బ్యాలెట్ పెట్టె గాలిలోకి లేచింది, నీళ్ల సీసాలు ఎగిరాయి, తెల్లారింది. 5 కోట్లు దాటిన ఏ కాంట్రాక్టుకైనా ఆమోదం ఇవ్వాల్సింది ఆ కమిటీయే. అది రెండేళ్లకు పైగా ఏర్పడలేదు. చెత్త ఎత్తే టెండర్ల నుంచి ప్రతి పెద్ద పనికీ అదే అడ్డం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మూడో ఏడాది జరిగింది. దళితులకు కేటాయించిన ఏడాది అది. 2024 ఏప్రిల్లో ఎన్నిక జరగాలి. ముఖ్యమంత్రి జైల్లో ఉన్నారు, ఆయన సలహా లేకుండా ప్రిసైడింగ్ అధికారిని నియమించలేనని లెఫ్టినెంట్ గవర్నరు అన్నారు. ఎన్నిక ఆగిపోయింది. చివరికి నవంబరు 14న మహేశ్ కుమార్ ఖిచీ మూడు ఓట్ల తేడాతో గెలిచారు. ఏప్రిల్ వచ్చేసరికి దిగిపోవాలి. పన్నెండు నెలల హక్కు ఐదు నెలలైంది. తప్పు ఏ పార్టీది, ఏ ఆఫీసుది అని వాదించుకోవచ్చు. కోత పడింది మాత్రం ఎవరి వాటాకన్నది స్పష్టమే.

ఇంత చిన్న మెట్టయినా ఎక్కినవాళ్లను ఎక్కడికో తీసుకెళ్తుంది. 1977లో కార్పొరేటరైన సాహిబ్ సింగ్ వర్మ తర్వాత ముఖ్యమంత్రయ్యారు. 2023లో షెల్లీ ఒబెరాయ్ చేతిలో ఓడిన బీజేపీ మేయరు అభ్యర్థి రేఖా గుప్తాకు 116 ఓట్లు వచ్చాయి. రెండేళ్లు తిరగకుండా, 2025 ఫిబ్రవరిలో ఆమె ఢిల్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆమె కూడా 2007లో కార్పొరేటరుగా మొదలుపెట్టిన మనిషే.

మరి ఆ మొదటి మెట్టే లేని చోట ఏమిటి? ఢిల్లీకి వచ్చిన ప్రతి తెలుగువాడూ భోజనానికి వెళ్లే ఆంధ్రా భవన్ అశోకా రోడ్డులో ఉంది. ఆ ప్రాంతం న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ కిందిది. అక్కడ వార్డు ఎన్నికలు లేవు. ఐఏఎస్ అధికారి అధ్యక్షుడు, సభ్యుల్లో ఎక్కువమంది నామినేట్ అయినవాళ్లు. యమున దాటి నోయిడాకు వెళ్తే అదీ లేదు. 1976లో పారిశ్రామిక పట్టణంగా మొదలైన నోయిడా లక్షల మంది ఇళ్లతో మహానగరమైంది. నేటికీ దాన్ని నడిపేది అథారిటీయే. మేయరు లేడు, కార్పొరేటరు లేడు. గురుగ్రామ్‌కు 2008లో కార్పొరేషన్ వచ్చింది గానీ, 2022లో గడువు ముగిశాక 2025 మార్చి దాకా ఎన్నికలు పెట్టలేదు.

మెట్రో బ్లూ లైన్‌లో మయూర్ విహార్ ఎక్స్‌టెన్షన్ దాటితే న్యూ అశోక్ నగర్, ఆ తర్వాత నోయిడా సెక్టార్ 15. ఈ రెండు స్టేషన్ల దూరంలో అపార్ట్‌మెంట్లు ఒకటే, అద్దెలు ఒకటే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన మన పిల్లలూ వాళ్లే. ఇటువైపు వాళ్లు వీధి దీపం వెలగకపోతే కార్పొరేటరు ఇంటి తలుపు తట్టగలరు. అటువైపు వాళ్లు అథారిటీకి ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోవాలి. ఢిల్లీ కార్పొరేషన్‌కు మళ్లీ ఎన్నికలు 2027లో రావాలి. ఆలోగా మేయరుకు ఏడాది కాక ఐదేళ్లు ఇవ్వాలి, చట్టంలోని అధికార సంస్థల జాబితాలో ఆ పేరు చేర్చాలి. నోయిడాకు ఒక మునిసిపాలిటీ ఇవ్వాలి.