యోసెమిటీలో గుడారం వేసే ముందు

ఇరవయ్యెనిమిదేళ్ళ వయసు, యంత్రాలంటే పిచ్చి, పొద్దస్తమానం పనే పని. మనలో ఎవరి గురించో కాదండోయ్, 1867 నాటి జాన్ మ్యూర్ సంగతి ఇది. ఆ మార్చిలో ఇండియానాపొలిస్‌లోని బండ్ల ఫ్యాక్టరీలో ఆకురాయి మొన జారి అతని కుడికంట్లో గుచ్చుకుంది. కాసేపటికి రెండో కన్నూ కనబడకుండా పోయింది. వారాల తరబడి చీకటి గదిలోనే ఉన్నాడు. చూపు తిరిగొచ్చాక ఫ్యాక్టరీకి సెలవు చెప్పి, సెప్టెంబర్లో కెంటకీ నుంచి ఫ్లోరిడాకి నడక మొదలెట్టాడు. దాదాపు 1600 కిలోమీటర్లు! 1868లో యోసెమిటీ చేరాడు.

నాన్న పోయిన ఏడాదికి అమ్మనీ, అన్నయ్య వాళ్ళనీ తీసుకుని మేమూ అక్కడే గుడారం వేశాం. చలిమంట దగ్గర అమ్మ మొదటిసారి ఏడవకుండా నాన్న కబుర్లు చెప్పింది. ఈ లోయ ఇలా ఎలా మిగిలిందా అని చదవడం మొదలెట్టింది అందుకే.

1903 మేలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, మ్యూర్‌తో కలిసి మూడు రాత్రులు ఇక్కడి అడవిలో గడిపాడు. 1906లో లోయ కాలిఫోర్నియా రాష్ట్రం చేతిలోంచి జాతీయ పార్కులో కలిసింది. ఇక్కడితో ఆపితే కథ చక్కగా ఉంటుంది. కానీ 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధదళం ఈ లోయలోని అవానీచీ జనాన్ని ఇళ్ళు తగలబెట్టి మరీ తరిమింది.

అడవి మనసుకి మందే, కాదనను. కానీ అది ఎవరూ లేని చోటు కాదు, ఎవరినో ఖాళీ చేయించిన ఇల్లు. నల్లమల చెంచుల్ని కదిలించే మాట వచ్చినప్పుడు మనం గుర్తు చేసుకోవాల్సింది ఇదే. ఏమంటారు?