మాగాణిసీమలో గోపోషణము



తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల గోపోషణచరిత్రము కృష్ణకాలువలతో ముడివడియున్నది. 1833వ సంవత్సరపు గుంటూరుకరవున మనుష్యులును పశువులును మూకుమ్మడిగా నశించిరి. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట ముగిసి కాలువనీరు వచ్చెను. కాని బీళ్లు వరిమళ్లయ్యెను. ఆవు మేయుటకు గట్లు దక్క చోటు కరవాయెను. వాములు మిన్నుముట్టినను వట్టి వరిగడ్డితో ఆవు పాలిచ్చునా?

ఈ చిక్కును రైతే విప్పుకొనెను. కోతకు కొలదిదినములు ముందు, చేను తడియారకమున్నే, నిలుచున్న వరిలో పిల్లిపెసరయో జనుమో చల్లెడివాడు. కోత యగునప్పటికి మొలక నిలిచెడిది. పిదప చినుకు లేకున్నను నేలపదనుతోడను మంచుతోడను పెరిగెడిది. పశువులు మేయగా మిగిలినది దున్నిన, నేలకు ఎరువు. ఇంతకంటె యుక్తమైన యేర్పాటును నేనెరుగను. తరువాత, అమ్మకపుపంటయైన మినుము ఆ తావును చాలవరకు ఆక్రమించెను.

అయినను ఇంటిపాడికి గేదె యుండనే యుండెను. ఒంగోలుజాతి యావును నల్లనేల దున్నగల కోడెలకొరకే ముఖ్యముగా పెంచిరి. కావుననే కోడెదూడకు పాలు ధారాళముగా విడిచి, పెయ్యకు తగ్గించెడివారు. పక్షపాతమే! ట్రాక్టరు వచ్చిన పిదప కోడెతో పని తగ్గెను. 1977లో తెనాలిచేరువ వడ్లమూడిలో సంగం డెయిరీ వెలసెను. వెన్ననుబట్టి పాలకు వెలగట్టునెడల గేదెదే పైచేయి కదా! ఆవు పెక్కుకొట్టములనుండి తరలిపోయెను.

పూర్వమే ఓడలెక్కి బ్రెజిలుదేశమునకు పోయిన ఈ జాతిసంతతి అచట 'నెల్లూరు' పేరిట కోట్లసంఖ్యలో నున్నది. ఇచట గుంటూరుచెంత లాం పశుపరిశోధనక్షేత్రము దానిని కాపాడుచున్నది.