చిత్రహార్‌లో ఎవరి పాట? బిలాస్‌పూర్ రైల్వే కాలనీ చెప్పే చరిత్ర

2020 మార్చి నెలాఖరున దేశం ఇళ్లలో బందీ అయినప్పుడు ప్రభుత్వానికి మొదట గుర్తొచ్చిన ఓదార్పుల్లో పాత దూరదర్శన్ ఒకటి. మార్చి 28న ‘రామాయణ్’ పునఃప్రసారం మొదలైంది. ఏప్రిల్ 13న డీడీ రెట్రో పేరుతో ఏకంగా ఒక చానెలే వచ్చింది. అప్పటినుంచి ఎనభైల నాటి టెలివిజన్‌ను మళ్లీ చూడడం ఒక జాతీయ అలవాటుగా మారింది. ఆ జ్ఞాపకాలలో ‘చిత్రహార్’ది ప్రత్యేక స్థానం. బుధవారం రాత్రి వచ్చే ఆ అరగంట సినిమా పాటల కార్యక్రమం గురించి మాట్లాడే ప్రతివారూ చివరికి ఒక వాక్యం దగ్గర ఆగుతారు: ఆ రోజుల్లో దేశమంతా ఒకే పాట వినేది.

ఈ వాక్యం ఎంత తీయనిదో అంత పరీక్షించదగినది. పరీక్షకు ఢిల్లీ, ముంబయి పనికిరావు. హిందీ రాష్ట్రం నడిమధ్యన, హిందీ మాతృభాష కానివారు తరాలుగా స్థిరపడిన ఒక రైల్వే పట్టణం కావాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అందుకు సరిపోతుంది.

బిలాస్‌పూర్‌ను ఊరుగా నిలిపింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుంచి తూర్పుకు వేసిన ప్రధాన మార్గంపై ఈ పట్టణం కూడలి అయింది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య నేరుగా దారి ఏర్పడింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే జోన్ ఏర్పడినప్పుడు వాల్తేరు, బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ ఒకే జోన్‌లో చేరాయి. అంటే వాల్తేరులో ఉద్యోగంలో చేరిన వ్యక్తి ఖరగ్‌పూర్‌లో పనిచేసి బిలాస్‌పూర్‌లో రిటైర్ కావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన గార్డులు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు, గుమాస్తాలు ఇక్కడి రైల్వే క్వార్టర్లలో ఒక చిన్న ఆంధ్రను నిర్మించుకున్నారు. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ: మూడు భాషల మధ్య వారి రోజు గడిచేది.

ఈ కాలనీకి పాట మొదట రేడియో ద్వారా వచ్చింది. దానికి వెనుక ఒక రాజకీయ కథ ఉంది. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటను సంస్కృతికి పట్టిన చీడగా భావించారు. ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. శ్రోతలు మాత్రం శాస్త్రీయ సంగీతం వైపు తిరగలేదు, రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో ‘బినాకా గీత్‌మాలా’ ప్రారంభమైంది. ఏ పాట ఎన్నో మెట్టుపై ఉందో వారం వారం ప్రకటించే ఆ కార్యక్రమమే భారతదేశపు తొలి పాటల జాబితా. రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల అభిప్రాయాలు దానికి ఆధారం. ప్రభుత్వం మెట్టు దిగక తప్పలేదు: 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది.

ఆ శ్రోతల పటంలో ఛత్తీస్‌గఢ్‌కు గట్టి చోటుంది. బిలాస్‌పూర్-రాయపూర్ మార్గంపై ఉన్న భాటాపారా అనే చిన్న స్టేషన్ పట్టణం, జుమ్రీ తలైయాతో పాటు, పాటల కోసం పోస్టుకార్డులు రాసే ఊరుగా దేశమంతటా తెలిసింది. ఆ కార్డు విలువను తక్కువగా చూడరాదు. నేరుగా ఏ మంత్రికీ చేరని పేరు, కొన్ని పైసల కార్డు మీద రేడియోకు చేరి, దేశమంతా వినేలా పలకబడేది. తాను కోరిన పాటను ప్రసార సంస్థ చేత వేయించుకోవడం సామాన్యుడికి దొరికిన అరుదైన ప్రజాస్వామ్యం.

టెలివిజన్ వచ్చేసరికి ఈ సంబంధం తిరగబడింది. చిత్రమేమిటంటే ఛత్తీస్‌గఢ్‌లో టీవీని ముందుగా చూసింది పట్టణాలు కావు, పల్లెలు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు సామూహిక టీవీ సెట్లు అందాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లో ఎంపికైనవి ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు పల్లెలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎంపికైన గ్రామాలున్నాయి. ఆ ఉపగ్రహం హిందీ, ఒడియా, కన్నడతో పాటు తెలుగులోనూ మాట్లాడింది. ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వని పంపే ఏర్పాటు కూడా అందులో ఉంది. బహుభాషా ప్రసారం సాంకేతికంగా అసాధ్యమన్న మాట 1975లోనే చెల్లకుండా పోయింది. ఆ తర్వాత జరిగినది సాంకేతికత నిర్ణయం కాదు, రాజకీయ నిర్ణయం.

సైట్ నడిచిన ఏడాది ఎమర్జెన్సీ నడిచిన ఏడాది కూడా. అప్పటి సమాచార ప్రసార మంత్రి విద్యాచరణ్ శుక్లా రాయపూర్ నుంచి గెలిచిన నాయకుడు. ఛత్తీస్‌గఢ్ ఢిల్లీకి పంపిన అత్యంత శక్తిమంతులలో ఒకరు. ప్రభుత్వ ప్రచారానికి సహకరించడానికి నిరాకరించిన గాయకుడు కిశోర్ కుమార్ పాటలు 1976లో ఆకాశవాణి, దూరదర్శన్‌లలో నిలిచిపోయాయి. ఈ వ్యవహారం తరువాత షా కమిషన్ విచారణలో బయటపడింది. 1977 ఫిబ్రవరి 6న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్, జగ్జీవన్ రామ్ పాల్గొన్న సభ జరుగుతున్న వేళ దూరదర్శన్ ‘బాబీ’ సినిమా వేసింది. జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టడమే ఉద్దేశమని అందరూ అనుకున్నారు. జనం సభకే వెళ్లారు. పాతికేళ్లలో సినిమా పాట ప్రయాణం ఇది: కేస్కర్ కాలంలో చీడ, శుక్లా కాలంలో ఎర. పాట మారలేదు, దాన్ని చూసే ప్రభుత్వ అవసరం మారింది.

ఎనభైలలో మూడో దశ మొదలైంది. అందులో పాట ఆదాయ వనరు. 1982 ఆగస్టు 15న జాతీయ ప్రసారం ప్రారంభమైంది. నవంబరులో ఆసియా క్రీడలు రంగుల్లో వచ్చాయి. 1983లో ఇన్‌శాట్-1బి కక్ష్యలోకి వెళ్లింది. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున వెలిశాయి. వాటిలో అధిక భాగం పది పాతిక కిలోమీటర్ల పరిధి గల చిన్న ట్రాన్స్‌మిటర్లు. సొంత స్టూడియో లేదు, సొంత కార్యక్రమం లేదు. ఢిల్లీ నుంచి వచ్చినదాన్ని అందుకుని ఊరికి పంచడమే వాటి పని. బిలాస్‌పూర్ వంటి పట్టణాల క్వార్టర్ల మీద యాంటెన్నాలు మొలిచింది ఈ దశలోనే. గాలికి తిరిగిపోయిన యాంటెన్నాను సరిచేయడానికి ఒకరు డాబా ఎక్కితే, బొమ్మ వచ్చిందని కిటికీలోంచి ఇంకొకరు కేకవేయడం ఆ తరానికంతటికీ తెలిసిన దృశ్యమే.

అలా వచ్చిన ‘చిత్రహార్’ పేరుకు పాటల దండ. కానీ అది పాటల జాబితా కాదు. బ్రిటన్‌లో బీబీసీ 1964 నుంచి 2006 వరకు నడిపిన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో ఏ పాట వస్తుందో నిర్ణయించడంలో దుకాణాల్లో అమ్ముడైన రికార్డుల లెక్కది ప్రధాన పాత్ర. ఆ లెక్క ఎంత లోపభూయిష్టమైనా అది శ్రోతల లెక్క. బినాకా గీత్‌మాలా వెనుకా అటువంటి లెక్క ఒకటుంది. చిత్రహార్‌కు మెట్లు లేవు, లెక్క లేదు. ఏ పాట వేయాలో దూరదర్శన్ కార్యాలయం నిర్ణయించేది. వాణిజ్య ప్రకటనలు ఆ అరగంట చుట్టూ ముసురుకునేవి. రేడియోకు పాట కోరిన పౌరుడు టీవీ ముందు ఇచ్చిన పాట తీసుకునే ప్రేక్షకుడయ్యాడు.

రైల్వే కాలనీలోని తెలుగు కుటుంబానికి ఈ అరగంటలో ఇంకొక వింత ఎదురయ్యేది. ఆ దశాబ్దపు హిందీ సినిమా పాటల్లో పెద్ద భాగం తెలుగువారి చేతుల్లో తయారైంది. 1983 నాటి ‘హిమ్మత్‌వాలా’ తెలుగు ‘ఊరుకి మొనగాడు’కు పునర్నిర్మాణం. 1984 నాటి ‘తోఫా’కు మూలం ‘దేవత’. రెండింటికీ దర్శకుడు కె. రాఘవేంద్రరావు, నాయికగా శ్రీదేవి. 1979 నాటి ‘సర్గమ్’ను కె. విశ్వనాథ్ తన ‘సిరిసిరిమువ్వ’ నుంచే తీశారు. బిందెలు, కొబ్బరిచెట్లు, వరుసలుగా నిలిచిన నర్తకులు: దేశం హిందీ పాటగా చూసినది తెలుగు తెరకు చిరపరిచితమైన భంగిమే. భంగిమకు ప్రవేశం దొరికింది, భాషకు మాత్రం దొరకలేదు.

దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ ‘ఏక్ దూజే కే లియే’. బాలచందర్ 1978లో తీసిన ‘మరో చరిత్ర’ విశాఖ తీరంలో తమిళ యువకుడికీ తెలుగు యువతికీ మధ్య పుట్టిన ప్రేమ కథ. మూడేళ్ల తరువాత హిందీలో యువకుడు తమిళుడుగానే మిగిలాడు, యువతి మాత్రం హిందీ అమ్మాయి అయింది. మూలంలోని తెలుగు పక్కకు తప్పుకుంది. ఆ సినిమా పాటలకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం జాతీయ పురస్కారం అందుకున్నారు. తెలుగు గొంతుకు దేశం పట్టం కట్టింది, అది హిందీలో పాడినందుకు. విశాఖ నుంచి బదిలీపై వచ్చిన కుటుంబం ఆ పాటను బిలాస్‌పూర్‌లో చూస్తూ గర్వపడిందంటే ఆశ్చర్యం లేదు. ఆ గర్వంలోనే వెలితీ ఉంది.

అదే వారంలో శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ దూరదర్శన్ ‘చిత్రలహరి’ వేసేది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వేళ వీధులు నిర్మానుష్యం. బిలాస్‌పూర్‌కు అది అందదు. హైదరాబాద్ సంకేతం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోయేది, భాష మాత్రం రైలెక్కి ఎప్పుడో సరిహద్దు దాటింది. ప్రాంతీయ భాషల పాటలు కలిపి వేసే ‘చిత్రమాల’లో తెలుగు వంతు కోసం ఎదురుచూడడమే మిగిలేది. 1988 ఆగస్టు 15న వచ్చిన జాతీయ సమైక్యతా గీతం ‘మిలే సుర్ మేరా తుమ్హారా’లో తెలుగు కొన్ని క్షణాలు వినిపించి వెళ్లింది.

ఈ లెక్కలో తెలుగువారు మాత్రమే నష్టపోలేదు. సొంత గడ్డ మీది ఛత్తీస్‌గఢీ పరిస్థితి ఇంకా దయనీయం. అంటరానితనాన్ని ప్రశ్నించిన తొలి ఛత్తీస్‌గఢీ చిత్రం ‘కహి దేబే సందేస్’ 1965లోనే వచ్చింది. దానికి మహమ్మద్ రఫీ పాడారు. అయినా ఆ భాష హిందీకి మాండలికంగానే లెక్కకొచ్చింది. ఛత్తీస్‌గఢీ సినిమాకు ఘనవిజయం దక్కింది 2000 అక్టోబరులో విడుదలైన ‘మోర్ ఛైంహా భుంయా’తోనే. కొద్ది రోజులకే, నవంబరు 1న, ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది. తెరమీద భాషకు చోటు దొరకడమూ, పటం మీద రాష్ట్రం పుట్టడమూ వెంటవెంటనే జరగడం కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయలేం.

ఇవన్నీ ఆనాడు ఎవరికీ తట్టని విషయాలు కావు. జనతా ప్రభుత్వం నియమించిన వర్గీస్ కమిటీ 1978లోనే ప్రసార వ్యవస్థకు స్వతంత్ర ప్రతిపత్తినీ, అధికార వికేంద్రీకరణనూ సూచించింది. ఎనభైల తొలి అర్ధభాగంలో పనిచేసిన పి.సి. జోషీ కమిటీ, ఢిల్లీ కేంద్రంగా సాగే వినోదాన్నీ నగర మధ్యతరగతి మోజునూ విమర్శించి, టెలివిజన్‌కు భారతీయ వ్యక్తిత్వం కావాలని కోరింది. కేంద్రంలోని పార్టీలు మారినా ఆ సిఫార్సులు అటకెక్కాయి. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చినా అమలుకు 1997 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి ఉపగ్రహ చానెళ్లు ప్రశ్ననే మార్చివేశాయి. బిలాస్‌పూర్ క్వార్టర్లకు తెలుగు పాటను చివరికి చేర్చింది రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు కాదు, కేబుల్ తీగ.

ఇప్పుడు ఎనభైలను మళ్లీ చూస్తున్న తరం ఈ చరిత్రను కూడా చూడాలి. పాత ప్రసారాన్ని మళ్లీ వేయడమంటే ఎంపిక చేయడమే. 2011 నుంచి పాత ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ భాగాలను వరుసగా వేస్తున్న బీబీసీ, లైంగిక నేరాల వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ ఉన్నవాటిని పక్కన పెట్టింది. అరవైల నాటి భాగాలు ఎన్నో అప్పుడే చెరిగిపోయాయి. మన దగ్గర తొలగించింది చాలావరకు ప్రసారానికి ముందే తొలగిపోయింది. ఎప్పుడూ వేయని పాటను ఏ రెట్రో చానెలూ మళ్లీ వేయలేదు.

2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే పని ప్రారంభించింది. వాల్తేరు డివిజన్ భువనేశ్వర్ కేంద్రంగా ఏర్పడిన తూర్పు తీర రైల్వేకు వెళ్లింది. ఆంధ్ర నుంచి ఉద్యోగులను బిలాస్‌పూర్‌కు తెచ్చిన ఆ పాత పాలనాబంధం అలా తెగింది. కాలనీలోని మూడో తరానికి హిందీయే సహజ భాష. వారి జ్ఞాపకంలోనూ చిత్రహార్ ఉంటుంది, అది నిజమైన జ్ఞాపకమే. ఆనాడు ఒకే పాట దేశమంతా వినిపించిన మాట నిజం. అయితే ఆ పాటను దేశమంతా ఎంచుకోలేదు. ఒకే దేశం, ఒకే గొంతు అన్న నినాదం ఏ రూపంలో తిరిగివచ్చినా, ఆ గొంతు ఎవరిదని అడగడానికి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల దగ్గర కావలసినంత కారణం ఉంది.