నలభై తొమ్మిది దాటినవాళ్లు

మా సబ్ సెంటర్ బీరువాలో అన్నిటికన్నా లావుపాటి పుస్తకం అర్హులైన దంపతుల రిజిస్టరు. నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఏఎన్ఎంగా చేసినన్నాళ్లూ దాన్ని చంకన పెట్టుకునే తిరిగాను. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల దాకా పెళ్లయిన ఆడవాళ్లందరి పేర్లూ అందులో ఉంటాయి. ఎవరికెన్ని కాన్పులు, ఎవరికి ఆపరేషన్ అయింది, అంతా రాస్తాం. యాభై రాగానే పేరు కొట్టేస్తాం. ఆ తర్వాత వాళ్లకు బీపీ ఉన్నా, రొమ్ములో గడ్డ ఉన్నా రాసుకోవడానికి వేరే పుస్తకం ఉండేది కాదు.

దవాఖానలు లేక కాదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి 1955 నుంచీ ఉంది. 1999లో మా నార్కట్‌పల్లికే కామినేని మెడికల్ కాలేజీ వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. అయితే ఇవన్నీ జబ్బు బయటపడ్డాక పనికొచ్చేవి. రొమ్ములో గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేనిదానికి కూలి పోగొట్టుకుని బస్సెక్కేదెవరు? ఫ్లోరైడ్ పుణ్యమా అని మా జిల్లాకొచ్చి పళ్లు, ఎముకలు చూసిపోయినవాళ్లకు లెక్కలేదు గానీ, రైక లోపలి సంగతి అడిగినవాళ్లు తక్కువ.

న్యూయార్క్‌లో 1963లోనే అరవై వేల మందికి పైగా ఆడవాళ్లతో పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. అందులో సగం మందికి ఎక్స్‌రే, చేతి పరీక్ష రెండూ చేశారు. చావులు తగ్గాయి, పేరు మాత్రం మిషన్‌కే వచ్చింది. మనవాళ్లు తరతరాలుగా వలసపోతున్న ముంబైలో 1998లో టాటా మెమోరియల్ వాళ్లు మిషన్ జోలికి పోలేదు. బస్తీల్లో 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు లక్షన్నర మందిని తీసుకుని, వారిలో సగం మందికి రెండేళ్లకోసారి చేత్తోనే పరీక్ష చేయించారు. చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆడవాళ్లు. 2021లో ఫలితం అచ్చయింది. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను గీత పెట్టి కొట్టేసిన పేర్లన్నీ ఎవరివో అప్పుడర్థమైంది.

ఆ పరీక్ష పెద్ద విద్యేం కాదు. నులక మంచం మీద పడుకోబెట్టి, భుజం కింద మడతపెట్టిన చీర పెట్టి, చెయ్యి తల వెనక్కి పెట్టమనాలి. నడిమి మూడు వేళ్ల మెత్తలతో చిన్నచిన్న సున్నాలు చుడుతూ మెడ ఎముక నుంచి రొమ్ము కింద మడత దాకా, ఆపైన చంకలోకి పోవాలి. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా ఒత్తాలి. కోడలిని బయట నిలబెట్టి తలుపు దగ్గరికేస్తే చాలు, ఏ అవ్వదైనా అదే మాట, "ఎండిపోయినయ్ బిడ్డా, ఇంకా ఏం చూస్తవ్?" అట్లా ఎండినచోటే గడ్డ వేలికి తొందరగా తగులుతుంది.

ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ చేతి పరీక్షనే ఊళ్లలోకి తెచ్చి, రాష్ట్రం రెండయ్యాక కూడా 2016 దాకా నడిపింది. అదే ఏడు కేంద్రం 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు అయిదేళ్లకోసారి చెయ్యాలని మార్గదర్శకాలిచ్చింది. 2023 మార్చి 8న మన రాష్ట్రంలో ఈ పరీక్ష కూడా చేసే ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలయ్యాయి, మంగళవారం మంగళవారం. గీత అరవై అయిదుకు జరిగింది. అరవై ఆరేళ్ల అవ్వ వస్తే లోపలికి రమ్మనే సిస్టర్లూ ఉన్నారు, ఆధార్ కార్డు చూసి వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు.