ఒక్క మనిషి, మూడు రకాల ఓట్లు

మన గిరిసోల దాటితే ఇచ్ఛాపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు బరంపురంతో పాటు మనం ఇటు వచ్చాం, ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండిపోయింది. ఇంట్లో మాట మారలేదు, చేతిలో నాడె మారలేదు. ఓటు మాత్రం రెండుగా చీలింది.

ఓటు లెక్కించే పద్ధతిని బట్టి మనిషి తలరాత ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. 1894లో మన బరంపురంలో తెలుగింట పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారి జీవితం చూస్తే చాలు.

1937లో అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే. అయినా కార్మిక నాయకుడైన గిరి గారు బొబ్బిలిలో రాజావారినే ఓడించారు.

1957 నాటికి అందరికీ ఓటు వచ్చింది. పార్వతీపురం లోక్‌సభ స్థానానికి అప్పుడు ఇద్దరు సభ్యులు: ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు రిజర్వు. రిజర్వు సీటు ఒక గిరిజన అభ్యర్థికి పోగా, మిగిలిన వాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చిన డిప్పల సూరి దొర గారు, ఆయనా గిరిజనుడే, జనరల్ సీటు గెలిచారు. గిరి గారు వెయ్యి లోపు ఓట్లతో ఓడి, కోర్టుకెక్కారు. రిజర్వేషను ఉన్నంత మాత్రాన జనరల్ సీటు మీద హక్కు పోదని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో చట్టం తెచ్చి ఇద్దరు సభ్యుల స్థానాలనే తీసేశారు.

1969 రాష్ట్రపతి ఎన్నికలో పార్లమెంటు సభ్యులతో పాటు అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యేలూ ఓటేశారు. రాష్ట్ర జనాభాను బట్టి ఎమ్మెల్యే ఓటుకు విలువ. పోటీలో ఇటు గిరి, అటు నీలం సంజీవరెడ్డి, ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపాక 4,20,077, 4,05,427. ఏ పార్టీ టిక్కెట్టూ లేని గిరి గారు రాష్ట్రపతి అయ్యారు.

ఇదంతా మనకెందుకంటారా? చట్టసభల్లో నేతగానికి రిజర్వు సీటు లేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే గెలుపు అనే పద్ధతిలో, రెండు రాష్ట్రాల్లో ఊరూరా చెదిరి ఉన్న మన ఓటు ఎక్కడా లెక్కకు రాదు. అదే రెండో ప్రాధాన్యం ఉంటే, గెలవాలనుకునే ప్రతి అభ్యర్థీ మన వాకిట్లోకీ వచ్చి అడగాల్సిందే. దేశం పద్ధతి మార్చడం మన చేతిలో లేదు. మన సంఘం ఎన్నికల పద్ధతి మాత్రం మన చేతిలోనే ఉంది. చిన్న ఊరి నేతగాడి మాట కూడా లెక్కకు వచ్చేలా ఈ వార్షికోత్సవం నాడైనా పెద్దలు కూర్చుని ఆలోచిస్తే బాగుంటుంది.