వయసు లెక్క, ఓటు లెక్క

పాలమూరు బడిలో పీఈటీగా ఉన్నప్పుడు ఆటకన్నా వయసు చూపే బోనఫైడ్ సర్టిఫికెట్లే ఎక్కువ చూసిన. అండర్-14 మ్యాచికి మీసమొచ్చిన పోరగాళ్లను దించేటోళ్లు. కాగితాన్ని నమ్మలేక బీసీసీఐ 2012 నుంచి అండర్-16 పిల్లలకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూస్తున్నది.

పిల్లల వయసుకు పరీక్ష వచ్చింది. మరి ఓటేసే క్లబ్బులకు? 1934లో పుట్టిన హైదరాబాద్ క్రికెట్ సంఘంలో నల్లగొండ, మా పాలమూరు (మహబూబ్‌నగర్) వంటి జిల్లాలకన్నా పట్నం క్లబ్బులదే ఓట్ల బలం. 2023లో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, కొద్దిమంది చేతుల్లోనే నడుస్తున్నయని 57 క్లబ్బులను ఆ ఏడాది సంఘం ఎన్నికలకు దూరం పెట్టిన్రు.

మా పోరలకు ఇది దూరపు ముచ్చట కాదు. జట్టును ఎంచే సెలక్టర్లను పెట్టే సంఘాన్ని నడిపేది ఆ ఓట్లతో గెలిచినోళ్లే.