రెండు రాణుల తేనెపెట్టె: పుట్టుక, ప్రయాణం, మనకు మిగిలే పాఠం

ఒక పట్టుకు ఒకే రాణి. తేనెటీగల పెంపకంలో ఎవరైనా మొదట నేర్చుకునేది ఇదే. ఈ నియమాన్ని కాదని, ఒకే పెట్టెలో రెండు రాణి ఈగలను నిలిపి తేనె దిగుబడి పెంచాలన్న ప్రయత్నం మొదలై నూట ముప్పై ఏళ్లు దాటింది. ఉద్దానం జీడితోటల్లో, విజయనగరం మామిడితోటల్లో, సీతంపేట, పార్వతీపురం మన్యంలో తేనెపెట్టెలు పెట్టుకోవాలనుకునే రైతుకు ఈ పద్ధతి ఆశ కలిగించడం సహజం. ఒక రాణి పెట్టే గుడ్లతో ఇంత తేనె వస్తే, రెండు రాణులతో ఎంత రావాలి! కానీ ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. దాన్ని కనిపెట్టినవాళ్లకు కావలసింది నిజానికి రెండో రాణి కాదు. పూత విరగబూసే రోజుకు పనికి సిద్ధంగా ఉండే కూలి ఈగలు కావాలి. ఆ లక్ష్యాన్ని మన నేల మీద ఒక్క రాణితోనే చేరుకోవచ్చని, అలా చేరుకోవడమే మేలని నా వాదన.

పట్టును నడిపేది ఆడ ఈగ అన్న సంగతి తేలడానికే చాలా కాలం పట్టింది. అరిస్టాటిల్ దాన్ని రాజు అన్నాడు. అది ఆడదేనని 1609లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ బట్లర్ తన పుస్తకంలో గట్టిగా చెప్పాడు. అదే శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ ఆ ఈగను కోసి అండాశయాలు చూపించాక సందేహం తీరింది. ఆ తర్వాత స్విట్జర్లాండుకు చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్, తనకు చూపు లేకపోయినా, సహాయకుడు బర్నెన్స్ కళ్లతో ఏళ్ల తరబడి పట్టులను పరిశీలించి 1792లో ఫలితాలు ప్రచురించాడు. రెండు రాణులు ఎదురుపడితే ఒకటి చచ్చేదాకా పోరు ఆగదని ఆయన పరిశీలనలు చూపించాయి. దాంతో ‘ఒకే రాణి’ శాస్త్రం ఒప్పుకున్న సూత్రమైంది. అయితే ప్రకృతిలోనే దీనికి ఒక సడలింపు ఉంది. ముసలి రాణి స్థానంలో కూలి ఈగలు కొత్త రాణిని పెంచుకున్నప్పుడు తల్లీకూతుళ్లు కొన్నాళ్లు ఒకే పట్టు మీద పక్కపక్కనే గుడ్లు పెడుతూ కనిపిస్తాయి. అంటే కూలి ఈగలు రెండు రాణులను భరించగలవు. సహించలేనిది రాణులే. మనుషులు చేసిన ప్రయత్నాలన్నీ ఈ సందు చూసుకునే సాగాయి.

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కదిలే చట్రాల పెట్టెను రూపొందించకపోతే ఈ ప్రయోగాలు సాధ్యమయ్యేవి కావు. ఆ తర్వాత కూలి ఈగ దూరగలిగి రాణి దూరలేని సన్నటి సందుల జాలీ వాడుకలోకి వచ్చింది. ఈ రెండూ చేతికందాక 1890ల్లో ఇంగ్లండులో జార్జ్ వెల్స్ ఒక పెట్టెను చిల్లుల చెక్కతో రెండు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక రాణిని పెట్టాడు. పైన తేనె గది మాత్రం ఉమ్మడిగా ఉంచాడు. 1907 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన అలెగ్జాండర్ అడ్డుగోడ లేకుండానే ఒకే పెట్టెలో పలు రాణులను ఉంచవచ్చని ప్రకటించాడు. అది నిలవలేదు. దీన్ని లెక్కలతో, కొలతలతో శాస్త్రంగా నిలబెట్టింది అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త సి. ఎల్. ఫరార్. 1930ల నుంచి ఆయన చేసిన పనిని అదే శాఖకు చెందిన మోల్లర్ కొనసాగించి 1976లో ఒక సమగ్ర నివేదికగా వెలువరించాడు.

ఫరార్ లెక్కను ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి. పదిహేను వేల చొప్పున ఈగలున్న నాలుగు పట్టులు కలిపి తెచ్చే తేనెకు సుమారు ఒకటిన్నర రెట్లు అరవై వేల ఈగలున్న ఒక్క పట్టు తెస్తుందని ఆయన తేల్చాడు. రెండు చోట్లా ఈగల సంఖ్య ఒక్కటే. తేడా పనుల పంపకంలో ఉంది. చిన్న పట్టులో చాలా ఈగలు పిల్లపురుగులకు మేత పెట్టడానికి, వాటిని వెచ్చగా ఉంచడానికి సరిపోతాయి. ఇంట్లో చంటిబిడ్డలు ఎక్కువై పెద్దవాళ్లు తక్కువైతే పొలానికి పోయేవాళ్లు ఎందరు మిగులుతారు? పట్టు పెద్దదయ్యేకొద్దీ పిల్లల నిష్పత్తి తగ్గి, పూల మీదికి వెళ్లే ఈగల వాటా పెరుగుతుంది. అందుకే పూత రాకముందు కొన్ని వారాలపాటు రెండు రాణులచేత గుడ్లు పెట్టించి, జనాన్ని త్వరగా పెంచాలన్నది ఫరార్ ఆలోచన. కింద పాత రాణి, పైన విడిగా కొత్త రాణి. కొత్తది గుడ్లు పెట్టడం మొదలయ్యాక మధ్యలోని అడ్డు తీసి జాలీ పెడతారు, తేనె గదులు అదనంగా పేరుస్తారు. ఇంతవరకే చెప్పి ఆపితే ఇది రెండు రాణుల గొప్పతనంలా వినిపిస్తుంది. అయితే అదే పద్ధతిలో చివరి అంకం ఒకటుంది. పూత ముగియడానికి సుమారు నెల ముందే జాలీ తీసేసి, పట్టును మళ్లీ ఒకే రాణికి వదిలేస్తారు. ఎందుకంటే అప్పుడు పెట్టిన గుడ్లలోంచి వచ్చే ఈగలు పూత అయిపోయాకే బయటికి వెళతాయి. అవి తేనె తేకపోగా, ఉన్నది తింటాయి. రెండు రాణుల పద్ధతిని పుట్టించినవాళ్లే దాన్ని కొన్ని వారాల ఏర్పాటుగా చూశారు.

ఇది పండిన చోటు ఎలాంటిది? ఉత్తర అమెరికాలో క్లోవర్ పూత వారాల తరబడి ఎడతెగకుండా సాగే మైదానాలు. ఒక్కో రాణి రోజుకు వెయ్యిన్నర దాకా గుడ్లు పెట్టగల ఐరోపా ఈగ. పది చట్రాల గదులు ఒకదానిమీద ఒకటి నిలువెత్తున పేర్చగల పెట్టెలు. మన దగ్గర ఈ మూడూ వేరు. ఇక్కడి నేలకు అలవాటైన పుట్ట తేనెటీగ శరీరమూ చిన్నది, పట్టూ చిన్నది, రాణి పెట్టే గుడ్లూ తక్కువే. దీని కొలతకు తగ్గట్టే తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ 1910ల్లో ఏడు చట్రాల చిన్న పెట్టె రూపొందించారు. మన ఉత్తరాంధ్ర అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. దక్షిణాదిన నేటికీ పుట్ట ఈగకు ఆ పెట్టె వాడుకలో ఉంది. ఈ ఈగకున్న స్వభావం మరొకటి: జనం పెరిగి చోటు ఇరుకైతే అది పెట్టెను నింపుతూ కూర్చోదు. కొత్త రాణి గదులు కట్టి, గుంపు విడిపోయి ఎగిరిపోతుంది. మేత తగ్గినా, చీమలో మైనపు పురుగో పట్టినా పట్టును వదిలేసి పోతుంది. ఇలాంటి ఈగను అరవై వేలకు పెంచాలనుకోవడం దాని స్వభావానికి ఎదురీదడమే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. రెండు రాణులుంటే గుంపు విడిపోవడం తగ్గుతుంది కదా? నిజమే. రాణి ఒంటి నుంచి వెలువడే రసాయనం పట్టంతా పాకినంతకాలం కూలి ఈగలు కొత్త రాణిని పెంచే ఆలోచన చేయవని 1950ల్లో ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో కాలిన్ బట్లర్ చేసిన పని చూపించింది. రెండు రాణులుంటే ఆ రసాయనం ఎక్కువ. కానీ వయసులో ఉన్న రాణి ఒక్కటే ఉన్నా ఆ పని జరుగుతుంది. ముసలి రాణి దగ్గర అది తగ్గుతుంది. కాబట్టి రాణిని ఏటా మార్చడంతోనే ఆ లాభంలో పెద్ద వాటా చేతికొస్తుంది. చైనా శాస్త్రవేత్తలు ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో రాణుల దవడ కొనలు కత్తిరించి, పోరాడలేకుండా చేసి, ఒకే పట్టులో పలు రాణులను నిలిపారు. అది సాధ్యమని ఒప్పుకోవాలి. కానీ అది నైపుణ్యమున్న చేతులతో, రాజాహారం (రాయల్ జెల్లీ) వంటి ఖరీదైన ఉత్పత్తి కోసం ఐరోపా ఈగ మీద జరిగిన పని. నాలుగు పెట్టెలున్న సవర, జాతాపు కుటుంబానికి దాన్ని దారిగా చూపించడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం భద్రత గురించి: ఒక రాణి చచ్చిపోతే ఇంకొకటి ఉంటుంది కదా అని. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిన పుట్ట తేనెటీగలను ఊడ్చేసిన తీరు గుర్తుంటే ఈ మాట నిలవదు. ఆ జబ్బు తగిలిన పిల్లపురుగు నీళ్లు నిండిన సంచిలా మారి గదిలోనే చచ్చిపోతుంది. దాన్ని శుభ్రం చేసే ఈగలే వైరస్‌ను మిగతా పిల్లలకు చేరవేస్తాయి. ఒకే గోడల మధ్య ఉన్న రెండు రాణుల సంతానం రెండూ ఒకేసారి పోతాయి. పక్కన విడిగా, మూడు నాలుగు చట్రాల చిన్న పెట్టెలో పెంచిన అదనపు రాణి అంతకంటే గట్టి భరోసా. 1960ల్లో ఉత్తర భారతంలో నిలదొక్కుకున్న ఐరోపా ఈగను నడిపేవారికి మాత్రం రెండు రాణులు కొంత అక్కరకు రావచ్చు. ఒకేచోట కదలకుండా ఉండే పెద్ద పెట్టెల తోటల్లో అనుభవజ్ఞులు ప్రయత్నించడం తప్పు కాదు. లారీల మీద రాత్రికి రాత్రి పూత వెంట పెట్టెలు తరలించేవారికి మాత్రం ఆ నిలువెత్తు దొంతరలు భారమే.

మరి మనం తీసుకోవలసిన పాఠమేమిటి? తేదీల లెక్క. పుట్ట ఈగ గుడ్డు నుంచి కూలి ఈగగా బయటపడడానికి సుమారు ఇరవై రోజులు పడుతుంది. ఆ తర్వాత మరో ఇరవై రోజులు అది పెట్టెలోనే పిల్లలకు మేత పెడుతూ, మైనం కడుతూ గడిపి, అప్పుడు పూల మీదికి వెళుతుంది. జనవరిలో పలాస జీడితోటలు పూత మీదికి వస్తాయనుకుంటే, ఆ పూతను ఏరే ఈగ తల్లి కడుపులోంచి గుడ్డుగా పడవలసింది నవంబరు చివరలో, డిసెంబరు మొదట్లో. మన్యంలో వలిసెలు పసుపుపచ్చగా పూసే కాలం దానికి కాస్త ముందే వస్తుంది. ఆ పూతను తేనె పిండుకోవడానికి వాడుకోకుండా పట్టును పెంచడానికి వదిలేసి, వానకాలపు కరువులో పంచదార పాకంతో ఆదుకున్న పెట్టె జీడి, మామిడి పూతలకు బలంగా దిగుతుంది. అప్పటికీ బక్కగా ఉన్న రెండు పెట్టెలుంటే ముసలి రాణిని తీసేసి, మధ్యలో సూదితో పొడిచిన వార్తాపత్రిక కాగితం ఒకటి పరిచి, ఒకదానిమీద ఒకటి పెడితే సరిపోతుంది. ఈగలు కాగితం కొరుక్కుంటూ వచ్చేలోపు రెండు పట్టుల వాసన కలిసిపోతుంది, తగవు ఉండదు. ఫరార్ కోరిన బలమే ఇది, మన ఈగ భరించగల మోతాదులో, ఒక్క రాణితో.

ఈ లెక్క తేనెకే కాదు, తోటకూ అవసరం. జీడి పుప్పొడి జిగట, గాలికి ఎగరదు. కాయ కట్టే ద్విలింగ పూలకు అది చేరాలంటే పురుగు మోసుకురావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చేశాక, తిరిగి నాటిన ప్రతి మొక్కకూ ముందు ముందు ఈ ఈగలతో పని పడుతుంది. అలాంటప్పుడు టీ దోమ కోసం పూత మీద పట్టపగలు మందు కొట్టే తోటలో రాణులు రెండున్నా పదున్నా ఒకటే. ఈగలు వాలని సాయంత్రపు వేళకు పిచికారీ మార్చుకోవడం, పెట్టెలున్న పొరుగు రైతుకు ముందుగా చెప్పడం అంతకంటే ముఖ్యం.

ఇంతకాలం పెంపకం పథకాలు ఎన్ని పెట్టెలు పంచామన్న లెక్క చుట్టూ తిరిగాయి. 2020లో కేంద్రం జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ మొదలుపెట్టాక డబ్బుకు దారి దొరికింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి అడవి తేనెకు ధర ఇచ్చే వ్యవస్థగా ఉంది. వీటికి తోడు సీతంపేటకు, పలాసకు, పార్వతీపురానికి వేరువేరుగా పూతల పంచాంగం ఒకటి తయారు కావాలి. ప్రతి పెంపకందారుకూ ఏటా ఒక కొత్త రాణిని పెంచుకోవడం నేర్పాలి. ఈ రెండూ సమకూరితే, రెండు రాణుల పద్ధతి మీద పడ్డ శ్రమంతా ఏ ఫలితం కోసం సాగిందో అది మన రైతు పెట్టెలోకి వస్తుంది.